ఈక గాలానికి మెరిసే రంగు: ఫ్లోరోసెంట్ డై వెతకడం నుంచి ఈకకు పట్టించడం దాకా

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర ఒక కొట్టులో మొదటిసారి "ఈకలకు వేసుకోడానికి మెరిసే రంగు కావాలండీ" అని అడిగాను. కొట్టాయన "రేడియమేనా బావు?" అంటూ చిన్న పొట్లం చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి వేడినీళ్లలో వేస్తే అది కరగనే లేదు. గిన్నె అడుగున ముగ్గుపిండిలా పేరుకుంది, ఈకలు తెల్లగానే ఉండిపోయాయి. కొట్టాయన తప్పేమీ లేదు. ఏం అడగాలో నాకే తెలియదు.

ఇది గాలానికి ఈకలు, బొచ్చు, దారం కట్టి ఫ్లైలు, అంటే చేపను మోసగించే ఉత్తుత్తి ఎరలు, తయారు చేసుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. ఈ పని విదేశాల్లో ట్రౌట్, సాల్మన్ చేపల కోసం పెరిగింది. మనకు కోనాడ దగ్గర చంపావతి మొగలో, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, పండుగప్ప ఉంది, చెరువుల్లో కొర్రమీను ఉంది. సముద్రం మీదికి పోయే మత్స్యకారులకైతే ఈకలు, మెరుపు దారాలు కట్టిన గాలాల గొలుసు కొత్తేమీ కాదు. కట్టడం ఎలాగో నేర్చుకోవచ్చు. మెరిసే రంగులో సరుకు దొరకడమే కష్టం. దొరికినా దిగుమతి ధర చూస్తే చేపే చవక అనిపిస్తుంది. అందుకే రంగు మనమే వేసుకోవాలి.

మొదటి మెట్టు: మూడు "రేడియం"లను విడదీయండి

మన దగ్గర మెరిసే ప్రతిదీ రేడియమే. ఒకప్పుడు గడియారం ముళ్లకు నిజంగానే రేడియం కలిపిన రంగు పూసేవారు. ఆ పేరు మిగిలిపోయింది. కానీ కొట్టులో ఆ మాట అంటే మూడు వేర్వేరు వస్తువుల్లో ఏదైనా రావచ్చు.

లారీల వెనక అతికించే స్టిక్కరు మొదటిది. అది హెడ్‌లైటు వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపుతుందంతే, దానికీ మనకూ పని లేదు. రెండోది చీకట్లో వెలిగే పౌడరు. ఇది వెలుగును దాచుకుని తర్వాత మెల్లగా వదులుతుంది. నాకు అంటగట్టింది ఇదే. రాయి పిండి లాంటిది కాబట్టి నీళ్లలో కరగదు, ఈక లోపలికి పోదు. జిగురుతో గాలం తలకు పూయడానికి మాత్రం పనికొస్తుంది.

మనకు కావలసింది మూడోది, ఫ్లోరోసెంట్ డై. కంటికి ఆనని అతినీలలోహిత కిరణాలనూ, ఊదా, నీలం, కొన్ని రంగులైతే పచ్చ వెలుగునూ పీల్చుకుని అప్పటికప్పుడే పచ్చగానో పసుపుగానో నారింజగానో తిరిగి వదులుతుంది. వెలుగు ఆగిన క్షణంలో ఇదీ ఆగిపోతుంది. కాబట్టి అమావాస్య రాత్రి పనిచేస్తుందని ఆశపడకండి.

నీళ్లలో దీని విలువ ఎందుకు పెరుగుతుందంటే, నీరు ఎరుపు వెలుగును అన్నిటికంటే ముందు మింగేస్తుంది. గట్టు మీద ఎర్రగా ఉన్న మామూలు ఈక కొన్ని మీటర్ల లోతుకు పోయేసరికి నల్లగా, మట్టిరంగులో కనిపిస్తుంది. ఫ్లోరోసెంట్ ఎరుపు మాత్రం అక్కడిదాకా దిగిన నీలం, పచ్చ వెలుగుతోనే ఎర్రగా మెరుస్తుంది. మబ్బు పట్టినప్పుడూ, పొద్దు వాలే వేళా తేడా ఇంకా బాగా తెలుస్తుంది. వానాకాలం వంశధార టీ నీళ్లలా పారుతున్నప్పుడు నేను ఎరుపు జోలికి పోను.  అప్పుడు నిమ్మకాయ రంగు పసుపే నా ఎంపిక.

రెండో మెట్టు: రంగు కంటే ముందు టార్చి కొనండి

యూవీ (అతినీలలోహిత) టార్చి లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. వెలుగు తరంగం పొడవును బట్టి 395 నానోమీటర్లవీ 365 నానోమీటర్లవీ దొరుకుతాయి. మొదటి రకం చవక. కానీ దాని ఊదా వెలుగు కంటికి కనిపిస్తుంది కాబట్టి దాని కింద ప్రతి తెల్ల వస్తువూ ఊదాగా తోచి మోసపోతాం. 365 తీసుకోండి. వచ్చాక 500 నోటు మీద వేసి చూడండి. నోటు నంబర్లు, కాగితంలోని సన్నని పోగులు వెలగాలి. కళ్లలోకి మాత్రం వేసుకోకండి. కనిపించేది తక్కువని హాని తక్కువనుకోకూడదు.

ఉతికిన తెల్లచొక్కా మీద వేస్తే నీలంగా భగ్గుమంటుంది. బట్టల సబ్బు పొడుల్లో కలిపే తెల్లదనపు రసాయనాల వల్ల అలా జరుగుతుంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే "యూవీ సరుకు" పేరుతో అమ్మే తెల్ల బొచ్చులో కొన్నిసార్లు ఉన్నదంతా ఇదే.

కొట్టులో పొడి రంగును పరీక్షించేటప్పుడు తెలియనివాళ్లు తప్పకుండా చేసే పొరపాటు ఒకటుంది. డబ్బా మూత తీసి పొడి మీద టార్చి వేస్తారు, మెరవదు, వద్దని వచ్చేస్తారు. నేనూ అలాగే మంచి సరుకు వదులుకుని వచ్చాను. పొడిగా ఉన్నప్పుడు రంగు అణువులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, ఒకటి వదలబోయే వెలుగును పక్కవి ఆర్పేస్తాయి. ఫ్లోరెసిన్ అనే మెరుపు రంగు పొడి చూడ్డానికి ఇటుకరంగులో ఉంటుంది, రోడమిన్ అనే ఇంకోదాని పొడి ముదురుగా, పచ్చటి మెరుపుతో ఉంటుంది. రెండూ పొడిలో చచ్చినట్టే పడుంటాయి. అగ్గిపుల్ల మొనతో ఆవగింజలో సగం తీసి గ్లాసుడు నీళ్లలో వేయించండి, అప్పుడు టార్చి వేయండి. ఫ్లోరోసెంట్ అయితే గ్లాసంతా వెలుగుతుంది. కాకపోతే నీళ్లు ఉత్త రంగునీళ్లుగానే ఉంటాయి. ఇదే కిటుకు తర్వాత ఈకల దగ్గరా పనికొస్తుంది.

మూడో మెట్టు: మీ చేతిలో ఉన్నది ఏ పోగు?

రంగు పేరు అడిగే ముందు దేనికి వేస్తున్నారో తేల్చుకోండి. ఈక, గొర్రె బొచ్చు, మేక వెంట్రుకలు, పట్టు ఇవన్నీ మాంసకృత్తులు. వీటికి "యాసిడ్ డై" అనే జాతి రంగులు పడతాయి. పేరు చూసి భయపడకండి, వంటింటి వెనిగర్ పుల్లదనం చాలు. నైలానుకూ ఇవే పడతాయి.

నూలుకు పడవు. పొందూరు మా ప్రాంతానికి పేరు తెచ్చిన ఊరు. అక్కడ సన్న ఖద్దరు కోసం పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో శుభ్రం చేస్తారు. చేపల పిచ్చి ఉన్నవాడికి ఇంతకంటే ఇష్టమైన సంగతి ఏముంటుంది! ఆ అభిమానంతో పొందూరు నూలుతో ఫ్లై ఒళ్లు చుట్టాలని యాసిడ్ డైలో ముంచితే, చన్నీళ్లలో ఒక్కసారి జాడించేసరికి రంగంతా దిగిపోయింది. నూలుకు వేరే జాతి రంగులు కావాలి. వాటిలో బాగా మెరిసేవి తక్కువ. వదిలేయండి. జనపనార కథ వేరు. నెల్లిమర్ల వైపు జూట్ మిల్లుల వల్ల నార మనకు కొత్త కాదు. ఆ నారలో ఉండే లిగ్నిన్‌ అనే పదార్థం వల్ల "బేసిక్ డై" జాతి రంగులు దానికి చక్కగా పడతాయి.

వలల దారం నైలానో కాదో తెలియకపోతే ముక్క నీళ్లలో వేసి వేళ్లతో నలిపి గాలి బుడగలు పోనివ్వండి. తేలితే అది వేరే ప్లాస్టిక్, ఏ రంగూ పట్టదు. మునిగితే నైలాను కావచ్చు, పాలిస్టర్ కూడా కావచ్చు. పాలిస్టర్‌కు ఇంట్లో రంగు వేయడం అనవసరపు తలనొప్పి. దానికి ప్రెషర్ కింద 130 డిగ్రీల దాకా వేడి కావాలి.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెబుతాను. దారానికీ ఉన్నికీ రంగు వెతకడం దండగ. టైలరింగ్ సామాను కొట్లలో నియాన్ ఎంబ్రాయిడరీ దారం, ఫ్యాన్సీ షాపుల్లో అల్లికకు వాడే నియాన్ ఆక్రిలిక్ ఉన్ని ఉండలు సిద్ధంగా దొరుకుతాయి. టార్చి వేసి చూసి కొనుక్కోండి. మన కష్టమంతా ఈకకూ వెంట్రుకకూ దాచుకుందాం.

నాలుగో మెట్టు: ఏ పేరుతో అడగాలి, ఎక్కడ అడగాలి

కొట్టు పేర్లు, కంపెనీ పేర్లు నమ్మొద్దు. ఒకే పేరుతో నాలుగు రంగులు, నాలుగు పేర్లతో ఒకే రంగు అమ్ముతారు. కలర్ ఇండెక్స్ అనే రంగుల పట్టికలోని పేరు అడగండి, ప్రపంచమంతా అదే వాడుతుంది.

గులాబీకి యాసిడ్ రెడ్ 52. దీన్నే సల్ఫోరోడమిన్ బి అంటారు. ఈకకు, నైలానుకు నాకు ఇంతకంటే నచ్చింది లేదు. కొట్టులో ఉత్త "రోడమిన్" అంటే మాత్రం చాలాసార్లు రోడమిన్ బి ఇస్తారు. అది బేసిక్ వయొలెట్ 10, వేరే జాతి. అదీ ఈకకు పడుతుంది, బ్రహ్మాండంగా మెరుస్తుంది. కానీ ఎండకు త్వరగా పాలిపోతుంది, చేతులకు అంటుకుంటే రెండు రోజులు వదలదు. పీచు మిఠాయిలో దొరికిందని 2024లో తమిళనాడులో గొడవైంది ఈ రంగు గురించే. తిండిలో వాడకూడని రంగు. కాబట్టి వంటింటి దరిదాపుల్లో ఉంచొద్దు.

పసుపుకు యాసిడ్ ఎల్లో 7. రంగు పేరు చివర "ఫ్లేవిన్" అని ఉంటే అది మెరిసే పసుపు అయ్యే అవకాశం ఎక్కువ, అడిగి చూడండి. ఇయోసిన్, అంటే యాసిడ్ రెడ్ 87, ఆసుపత్రి ల్యాబుల్లో కణజాలానికి వేసే రంగు. నారింజ కలిసిన గులాబీ వస్తుంది, మెరుపు మధ్యస్థం.

ఫ్లోరెసిన్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందరూ దానివైపే పరిగెడతారు. 1871లో జర్మన్ రసాయనవేత్త అడాల్ఫ్ ఫాన్ బయ్యర్ తయారు చేశాడు. 1877లో డాన్యూబ్ నది నేలలోకి ఇంకే చోట దీన్ని పోస్తే, కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంకో ఊటలో పచ్చగా తేలింది. అలా భూమి కింద దారి ఉందని తేల్చారు. అంత బలమైన మెరుపు. కానీ పులుపులో ఆ మెరుపు చల్లారిపోతుంది, ఈకకు పట్టాలంటేనేమో పులుపు కావాలి. జాడించి పులుపు పోగొడితే మెరుపు తిరిగొస్తుంది, దాంతోపాటు రంగూ కొంత దిగిపోతుంది. నీటి దారులు వెతకడానికి మంచిది, గాలానికి రెండో తరగతి.

ఎక్కడ దొరుకుతాయంటే, ముందు చీరలకు రంగులద్దేవాళ్లు కొనే కొట్లలో "పట్టుకూ నైలానుకూ వేసే యాసిడ్ రంగు" అని అడగండి. చాలావాటిలో మామూలు రంగులే ఉంటాయి, గ్లాసు నీళ్ల పరీక్ష మర్చిపోవద్దు. కాలేజీ ల్యాబులకు రసాయనాలు అమ్మేవాళ్ల దగ్గర ఇయోసిన్, రోడమిన్ బి, ఫ్లోరెసిన్ 25 గ్రాముల సీసాల్లో ఉంటాయి. శ్రీకాకుళం, విజయనగరాల్లో లేకపోతే తెప్పించమని చెప్పండి, లేదా విశాఖ వెళ్లండి. యాసిడ్ రెడ్ 52, ఎల్లో 7 కావాలంటే చివరికి గుజరాత్ తయారీదారులే దిక్కు. దేశంలో రంగుల పరిశ్రమ ఎక్కువగా అక్కడే ఉంది. వాళ్లు కిలోల్లో అమ్మడానికి అలవాటు పడ్డవాళ్లు. శాంపిల్ ప్యాకెట్ అడగండి, సిగ్గుపడొద్దు. 25 గ్రాముల రంగుతో ఎనిమిది కిలోల ఈకలకు రంగు వేయొచ్చు. కిలో కొంటే మనవలు కూడా వాడుకోవాల్సి వస్తుంది.

నియాన్ పోస్టర్ రంగులు, హోలీ రంగులు, హైలైటర్ పెన్నుల్లో సిరా అన్నీ నేను ప్రయత్నించి పారేసినవే. నియాన్ పెయింటు పై పూతే, రేకుల్లా రాలిపోతుంది.

అయిదో మెట్టు: తెల్ల సరుకు

మెరుపు రంగుకు తెల్లదనమే పునాది. డేగ, కాకి పుంజుల ఈకలు ఎంత అందంగా ఉన్నా వాటి సొంత రంగు వెలుగును మింగేస్తుంది. సంక్రాంతి పందేల ఊళ్లలో సేతువ (తెల్ల) పుంజు మెడ ఈకలు దొరికితే అదృష్టమే. లేకపోతే బ్రాయిలర్ కొట్టుంది. అక్కడ పారేసే తెల్ల ఈకల్లో తోక మొదట్లోవీ పక్కలవీ మెత్తగా ఉంటాయి, నీళ్లలో బాగా ఊగుతాయి. బర్డ్ ఫ్లూ మాట వినిపిస్తున్న రోజుల్లో మాత్రం ఈకలు తేవద్దు. పొడవు వెంట్రుకల కోసం తెల్లమేక తోక, ఆవు తోక చివరి కుచ్చు వెతకండి.

వలస పక్షులు గూళ్లు పెట్టే తేలినీలాపురం, తేలుకుంచి వైపు వెళ్లినప్పుడు చెట్ల కింద తెల్ల ఈకలు చూసి మనసు లాగుతుంది. ముట్టుకోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, గూడబాతు ఈక జేబులో పెట్టుకుని చిక్కుల్లో పడడం ఎందుకు? జింక తోక వెంట్రుకలతో కట్టే ఫ్లైలు విదేశీ పుస్తకాల్లో ఎన్నో ఉంటాయి. మనకు మేక తోకే జింక తోక.

ఆరో మెట్టు: కడగడం, రంగు వేయడం

ఈక మీద నూనె ఉంటే రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. గిన్నెలు తోమే లిక్విడ్ వేసిన గోరువెచ్చని నీళ్లలో రెండుసార్లు కడిగి, మూడోసారి శుభ్రమైన నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. బట్టల పొడి వద్దు. ఎంజైములున్న పొడులు ఈకను తినేస్తాయి, పైగా నీలం మెరుపు అంటుకుని మీ పరీక్షలన్నీ తారుమారవుతాయి. తెల్లబడాలని బ్లీచింగ్ పౌడరు అసలే వద్దు, ఈక జావైపోతుంది.

గిన్నె స్టీలుదో ఎనామిల్‌దో ఉండాలి. పులుపు అల్యూమినియాన్ని తింటుంది. నేను ఇంట్లో ఒక డబర పాడుచేసి మాటలు పడ్డాను. ఏ గిన్నె అయినా ఇక దాన్ని ఈ పనికే ఉంచండి. పొడి తూచేటప్పుడు ఫ్యాన్ ఆపండి, మాస్కు, చేతి తొడుగులు వేసుకోండి.

ఇప్పుడు అసలు లెక్క. 10 గ్రాముల పొడి ఈకలకు వంద మిల్లీగ్రాముల రంగు అంటే ఒక శాతం. ఇంత చిన్న బరువు ఇంట్లో తూచలేం. అందుకే 1 గ్రాము రంగు తూయించి 100 మిల్లీలీటర్ల వేడినీళ్లలో కరిగించి సీసాలో పోసుకోండి. మందుల షాపు సిరంజితో 1 మిల్లీలీటరు తీస్తే అందులో 10 మిల్లీగ్రాముల రంగున్నట్టు. మామూలు రంగులకు ఒకటి రెండు శాతం వేస్తారు. మెరుపు రంగుకు నేను 0.3 శాతంతో మొదలుపెడతాను, అంటే 10 గ్రాముల ఈకలకు 3 మిల్లీలీటర్లు.

తక్కువెందుకో గ్లాసు పరీక్షలోనే తెలిసిపోయింది. ఈకలోనూ రంగు కిక్కిరిస్తే అణువులు ఒకదాని వెలుగును ఇంకొకటి ఆర్పేస్తాయి. నేను మొదటిసారి "బాగా మెరవాలి" అని రోడమిన్ చెంచాతో వేశాను. వచ్చింది వక్కపొడి రంగు. టార్చి కింద కూడా చలనం లేదు. కంటికి "ఇంకాస్త ఉంటే బాగుండు" అనిపించే దగ్గర ఆపితే నీళ్లలో అదే ఎక్కువ మెరుస్తుంది.

ఈకలు విశాలంగా ఈదేటన్ని నీళ్లు, 10 గ్రాములకు లీటరు దాకా, గోరువెచ్చగా చేసి రంగు కలపండి. తడి ఈకలు వేయండి. అయిదు నిమిషాలు కలిపాక వెనిగర్ మూడు పెద్ద చెంచాలు, రెండు విడతలుగా పోయండి. వెనిగర్ లేకపోతే కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు అర చెంచా చాలు. పులుపును ఈకల మీద నేరుగా పోయొద్దు, పోసిన చోటే రంగు పట్టేస్తుంది. తర్వాత సన్నని సెగ మీద 70, 75 డిగ్రీల దాకా తీసుకెళ్లండి. థర్మామీటరు లేకపోతే ఆవిరి లేస్తూ, గిన్నె అడుగున సన్న బుడగలు కట్టడం మొదలైన దగ్గర ఆపండి. మరగనిస్తే ఈక కాడలు వంకర్లు పోతాయి. అరగంట ఉంచండి. నీళ్లు దాదాపు తేటబడితే రంగంతా ఈకలోకి పోయినట్టే. తేటపడకపోతే ఇంకో చెంచా వెనిగర్. గిన్నెలోనే చల్లారనివ్వండి, ఆ తర్వాత నీళ్లలో రంగు దిగడం ఆగేదాకా జాడించండి.

తడి ఈక ముదురుగా కనిపిస్తుంది కాబట్టి ఒక ఈకను ఆరబెట్టి చూశాకే తీర్పు చెప్పండి. మిగతావి పాత దిండు గలీబులో వేసి మూతికట్టి, నీడలో వేలాడదీసి మధ్యమధ్య దులపండి. మిగిలిన రంగునీళ్లు చెరువులో, బావి దగ్గర పారబోయొద్దు. బాత్రూం కాలువలో బాగా నీళ్లు కొట్టి వదలండి.

నారింజ కోసం వేరే రంగు కొననక్కర్లేదు. పసుపు 9 వంతులకు యాసిడ్ రెడ్ 52 ఒక వంతు కలపండి. పసుపు వదిలిన వెలుగును కూడా గులాబీ అందుకుంటుంది, అందుకే కాస్త వేస్తేనే రంగు బాగా తిరిగిపోతుంది. నీలం, నలుపు మామూలు రంగులు చుక్క పడినా మెరుపు చస్తుంది.

చివరగా, ప్రతి విడతలోనూ ఒక ఈకను అట్టముక్కకు అతికించి, సగం నల్లకాగితంతో కప్పి, ఎండ పడే కిటికీలో పెట్టండి. అట్ట మీద రంగు పేరు, మిల్లీలీటర్లు, తేదీ రాయండి. నా కిటికీలో రోడమిన్ బి ఈక మూడు వారాలకే పాత రిబ్బనులా వెలిసింది. పక్కనే పెట్టిన రెడ్ 52 ఇంకొంత కాలం నిలిచింది. అందుకే కట్టిన ఫ్లైలన్నీ మూతబిగువు రేకు డబ్బాలో ఉంచుతాను, మొగకు వెళ్లిన రోజున అవసరమైన రెండు మాత్రమే బయటికి తీస్తాను.